నూకరత్నం చేసిన బోణీ

మొదట్లో గవర్రాజు చేతిలో ఉన్నవి తుని స్టేషను ఎదుట పది గదుల లాడ్జి, దాని కింద ఒక టిఫిన్ హోటలు. ఒంట్లో సంగతులు చెప్పే కసరత్తు యంత్రాలు ఊరూరా వచ్చాక, అవి లేని లాడ్జిలో ప్రయాణికులు దిగడం మానేశారు. గవర్రాజు టిఫిన్ హోటలు ఎత్తేసి, ఆ హాల్లో రెండు నడక యంత్రాలు పెట్టించాడు.

ఏ కొత్త సరుకుకైనా బోణీ భార్య నూకరత్నం చేయాల్సిందే. ఆమె యంత్రానికి కుంకుమ పెట్టి, చెప్పులు విడిచి ఎక్కింది. నాలుగడుగులు వేసిందో లేదో, యంత్రం మెత్తగా పలికింది: "అమ్మా, మీ గుండెలో ఒక రక్తనాళం పూడుకుపోతోంది. అంబులెన్సును పిలిచాను. ఒక్కసారిగా ఆగకండి, మెల్లగా నడవండి."

"ఏటండీ ఇది? నన్ను దింపండి!" అంది నూకరత్నం.

గవర్రాజు స్విచ్చి మీద వేలు పెట్టాడు. ఆపితే గుండె ఆగుతుందేమో, ఆపకపోతే అలసి పడిపోతుందేమో. జీవితమంతా బేరాలాడినవాడికి ఏ వైపు నష్టమో ఆ క్షణాన తేలలేదు. వేలు వెనక్కి తీసుకుని, ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"నడవ్వే, నానున్నానుగా" అన్నాడు.

యంత్రం చెప్పింది నిజమేనని ఆసుపత్రిలో తేలింది. స్టెంటు వేయించుకుని వచ్చిన నూకరత్నం హాలు గుమ్మంలో నిలబడి అడిగింది: "మరి మీరెప్పుడెక్కుతారు?"

"గెస్టులకి ఖాళీ ఉండొద్దేటే?"

"రెండూ ఖాళీగానే ఉన్నాయి గదండీ."

గవర్రాజు హాలు తలుపు దగ్గరగా వేశాడు. లెక్క చూసుకుంటే టిఫిన్ హోటలు పోయింది, గదులు నిండాయి, భార్య దక్కింది. తన గుండె మాటేమిటో తెలుసుకునే ధైర్యం మాత్రం ఇంకా చేతికి రాలేదు.