కొక్కెం కింద

"వంగి దణ్ణం పెట్టు తిమూర్. నిన్ను చూసి వాళ్లూ నమ్ముతారు," అన్నాడు మేనేజరు పెక్.

కొరియా ఆచారం ప్రకారం క్రేనుకు పూజ. బల్ల మీద ఉడికించిన పంది తల పళ్లికిలించి ఉంది. పంది గిట్టని ముస్లింలు, ఉజ్బెక్ వెల్డర్లు, ముక్కులు మూసుకుని దూరంగా నిలబడ్డారు.

తిమూర్ తండ్రి కొరియావాడే, తల్లి ఉజ్బెక్. తాష్కెంటులో ఇంజనీరింగు చదివి, కొరియాలోని ఈ ఓడల యార్డుకొచ్చి ఆరేళ్లయింది. క్రేను కొక్కేనికి పగులుందని నిన్ననే రాసిచ్చాడు.

"నా రిపోర్టు చూశారా సార్?"

"మీ అక్కడి చదువులు అంతేలే, లేని పగుళ్లు కనిపిస్తాయి. క్రేను కింద పని మొదలెట్టమని వాళ్ల భాషలో చెప్పు. చీఫ్ ఇంజనీరు కుర్చీ ఈసారి మనవాడికే."

ఆ 'మనవాడు' అన్న మాట కోసమే తిమూర్ ఆరేళ్లు కాచుకున్నాడు.

వెల్డర్లలో పెద్దవాడు ఎర్గాష్ దగ్గరికొచ్చాడు. "ఏమంటాడు తమ్ముడూ? ఆయన పందిని నమ్మం గానీ, నువ్వు పొమ్మంటే పోతాం. మనవాడివి."

తిమూర్ ఉజ్బెక్‌లోనే చెప్పాడు. "ముందు మేనేజరే కొక్కెం కింద నిలబడతాడట అన్నా."

ఎర్గాష్ మొహం వికసించింది. తన హెల్మెట్టు తీసి, రెండు చేతులా పెక్‌కు అందించి, కొక్కెం కిందికి దారి చూపించాడు.

పెక్ తలెత్తాడు. సరిగ్గా పగులున్న చోటే చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

పెక్ తన రిపోర్టు నమ్మలేదనుకున్నాడు తిమూర్ ఇంతసేపూ. అక్షరం పొల్లుపోకుండా నమ్మాడీయన. ఆయనకు కావలసింది వాళ్ల భాష తెలిసిన తిమూర్ నాలుక మాత్రమే.

"ఏం చెప్పావురా వాళ్లకి?"

"పగులు లేదన్నారుగా సార్, ముందు మీరే నిలబడతారని చెప్పాను."

తిమూర్ వెళ్లి క్రేను స్విచ్చి కట్టేసి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు.