ఒక్క చరణం

ముందు వాసన వచ్చింది. ఆ తర్వాత మనిషి వచ్చాడు.

క్రొయేషియాలో, క్రక్ దీవిలో ఓ చిన్న ఊరి చర్చి. ఈస్టర్ ముందు సోమవారం. జాగ్రెబ్ నుంచి వచ్చిన ఆరుగురు అక్కడ పాట నేర్చుకుంటున్నారు. పొద్దున లాటిన్ స్తోత్రాలు, మధ్యాహ్నం ఈ దీవిలో పాత స్లావ్ భాషలో రెండు గొంతులుగా పాడే ప్రార్థనలు. నేర్పేది దావోరిన్. అతనిదీ జాగ్రెబే.

వెనక బెంచీలన్నీ ఖాళీగా ఉన్నా, ముసలాయన తిన్నగా వచ్చి, పాడేవాళ్ళలో ఒకతైన యాసెంక పక్కనే కూర్చున్నాడు. మెడకి బూడిదరంగు ఉన్ని మఫ్లర్. నోరు తెరిస్తే కుళ్ళిన మాంసం కంపు.

యాసెంక ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది.

వాళ్ళు పాడుతుంటే ఆయనా గొంతు కలిపాడు. తుప్పు పట్టిన గడియ లాగినట్టుంది ఆ గొంతు. మధ్యలో దగ్గు. దగ్గి దగ్గి ఓ గుడ్డలో ఉమ్మాడు. ఆ గుడ్డని మడిచి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

"ఛీ!" అంది యాసెంక, పైకే.

ఆయన వినిపించుకోలేదు.

"లాటిన్ బాగానే పాడుతున్నారు. మన పాటే కడిగిన పళ్ళెంలా ఉంది. రెండు గొంతులూ అంత దూరం దూరంగా పోకూడదమ్మాయ్. ఒకదాన్నొకటి ఒరుసుకోవాలి. ముక్కులోంచి రావాలి."

"పుస్తకంలో అలా లేదు పెద్దాయనా," అన్నాడు దావోరిన్.

"పుస్తకంలో ఎందుకుంటుందయ్యా!" అని ఆయన నవ్వాడు.

ఆ నవ్వుకి ముందు బెంచీలో ఇద్దరు తలలు తిప్పుకున్నారు.

మంగళవారం యాసెంక బెంచీ ఆ చివరికి మారింది. ఆయనా అక్కడికే వచ్చాడు.

"ఇక్కడ ఊపిరి తీయకు. మాట తెగిపోతోంది," అంటూ ఆమె చేతిలోని కాగితం మీద వేలు పెట్టాడు. నోటి తుంపర అక్షరాల మీద పడింది.

యాసెంక ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి చెత్తబుట్టలో పడేసింది. ఆయన చూస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం భోజనంలో గొర్రెపాల చీజ్ పెట్టారు. యాసెంక పళ్ళెం పక్కకి నెట్టేసింది.

"నీకోసమే వస్తున్నాడే! పెళ్ళెప్పుడు?" అంది పక్కనున్న బ్రాంక.

"నోర్మూసుకో. ఈ చీజ్ కూడా ఆయన నోటి వాసనే వేస్తోంది."

బుధవారం ఆయన కూర్చోలేదు. యాసెంక ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"వీళ్ళందరిలో నీ చెవి మంచిది. రెండు రోజులు చూశాను. ఒక్క చరణం పట్టుకో. కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకుని తల్లి ఏడుస్తుంది చూడు, ఆ శోకం. నా గొంతు దూరం పోదు. దగ్గరికి రా."

ఆమె మణికట్టు పట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి అందుకున్నాడు.

రెండు మాటలు పాడాడేమో. యాసెంకకి పాట వినపడలేదు. చెంప మీద వెచ్చటి, తడి ఊపిరి మాత్రం తగిలింది.

రెండు చేతులతో తోసేసింది.

ఆయన బెంచీకి కొట్టుకుని రాతి నేల మీద కూలబడ్డాడు.

"ఒంటి మీద చెయ్యేస్తావా? నీ నోరు నీకే కంపు కొట్టట్లేదా? చచ్చిన ఎలుకని మింగావా?"

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆమెని ఆపనూ లేదు.

దావోరిన్ ఆయన్ని లేవదీసి తలుపు దాకా నడిపించాడు. "ఇంక రాకండి పెద్దాయనా. ఆడపిల్లలున్నారు."

"తప్పు నాదేలే. ముందు అడగాల్సింది," అన్నాడు ముసలాయన, మఫ్లర్ సర్దుకుంటూ.

లోపల్నించి గడియ పడింది. యాసెంక చెవిని సబ్బుతో మూడుసార్లు కడుక్కుంది.

గురువారం ఆయన రాలేదు. కిటికీలు తెరిచి అందరూ హాయిగా పాడుకున్నారు.

శుక్రవారం సాయంత్రం ప్రార్థనలో ఎక్కడా తప్పు పోలేదు. నల్లబట్టల్లో వచ్చిన ఊరివాళ్ళు మర్యాదగా విని, మర్యాదగా వెళ్ళిపోయారు.

చుట్టుపక్కల మూడు ఊళ్ళకీ ఒకే గురువు కావడంతో ఫాదర్ మావ్రో ఆ రోజే వచ్చాడు. చర్చి ఖాళీ అయ్యాక పాటగాళ్ళ దగ్గరికి నడిచాడు.

"అంతా బాగుంది. తల్లి శోకం ఒక్కటి ఎందుకు వదిలేశారు? క్విరిన్ నేర్పలేదా?"

"క్విరిన్ ఎవరు ఫాదర్?" అన్నాడు దావోరిన్.

"నేనే పంపానే! మెడకి మఫ్లర్ చుట్టుకుని ఉంటాడు. వెళ్ళగానే నా పేరు చెప్పమన్నాను. చెప్పి ఉండడు. తన గొప్ప చెప్పుకోవడం చేతకాదు ఆయనకి."

మిగతావాళ్ళు యాసెంక వైపు తిరిగారు.

"వచ్చాడు," అంది యాసెంక. "నేనే తోసేశాను. కింద పడ్డాడు."

తన చేతులు చూసుకోవడానికే ఆమెకి ఏవగింపుగా ఉంది. వాటిని కోటు జేబుల్లో దాచుకుంది.

"ఆయన ఇల్లెక్కడ ఫాదర్? ఇప్పుడే వెళ్తాను. కాళ్ళు పట్టుకుంటాను. ఎన్నాళ్ళయినా ఇక్కడే ఉండి నేర్చుకుంటాను."

ఫాదర్ మావ్రో బెంచీ మీద కూర్చున్నాడు.

"ఇంట్లో లేడమ్మా. రియెకా ఆసుపత్రిలో ఉన్నాడు. గొంతులో క్యాన్సర్ పుండు. పొద్దున ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారట. ప్రాణానికి భయం లేదన్నారు. మాటే ఉండదు."

ఆమె వైపు చూడకుండానే మళ్ళీ అన్నాడు.

"జనవరిలోనే కోస్తామన్నారమ్మా, 'ఆ పాట వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను, పట్నం పిల్లలొచ్చి నేర్చుకున్నాకే గొంతు ఇస్తాను' అని ఇన్నాళ్ళూ డాక్టర్లని ఆపాడు."