తాళం గుర్తు

సాల్మన్‌తో కాపురమంటే రోజూ ప్రసంగమే. ఆదివారం పాస్టరుగారిది అదనం. క్వారీ వాళ్లు దాచేసిన కూలీ శవం ఫోటోలను అతను పేపరు విలేకరికి ఫోన్‌లో పంపినప్పుడూ అంతే.

"యాప్‌కి తాళం గుర్తుందే లిడియా. గవర్నమెంటు అడిగినా మన మెసేజీలు ఇవ్వరు."

"అడిగి చూశావా?" అంది లిడియా.

ఆ రాత్రి ఇద్దరూ కల్లంలో మిరపకాయలకు కాపలా పడుకున్నారు. డొంకదారిలో జీపు ఆగి, లైట్లు ఆరిపోయాయి. ఎండుకాయలను తొక్కుకుంటూ ఎవరో గలగలమని నడిచి వస్తున్నారు.

"చిట్టిమిరపగారూ," అని ఓ గొంతు మర్యాదగా పిలిచింది.

ఆ ముద్దుపేరు లిడియా మొగుడికి పెట్టి, ఆ యాప్ మెసేజీల్లో రాసిందే తప్ప, నోటితో ఏనాడూ అనలేదు.

గలగల మంచం పక్కన ఆగింది.

"నాదే తప్పు లిడియా," అన్నాడు సాల్మన్.