గోడ మీద నంబరు

బాబాయ్ తన గొంతు కోశాడని ఫిట్టర్ నెల రోజులుగా కనపడినవాడికల్లా చెబుతున్నాడు.

బాబాయ్ అంటే చుట్టం కాదు. రబ్బరు ఫ్యాక్టరీ మేనేజర్. పనివాళ్లంతా ఆయన్ని అలాగే పిలుస్తారు.

యూనియన్ ఉన్న రోజుల్లో ఎవరికేం జరిగినా పక్కవాడు పానా తీసుకుని ఇనప గొట్టం మీద కొట్టేవాడు. షెడ్డంతా మిషన్లు ఆగేవి. ఎందుకని ఆ తర్వాతే అడిగేవారు. యూనియన్ గదిలో పాత టైర్లు పడేశాక, బాబాయ్ తన సెల్ నంబరు గోడ మీద రాయించాడు.

"గొట్టాలు కొట్టుకోవడమెందుకురా, నేను లేనూ? ఆపేముందు నాకో మాట చెప్పండి. మీరు పెట్టేదాకా నేను ఫోన్ పెట్టను."

మాట తప్పలేదు. ఒకడి భార్య పురుడుకి కారు పంపాడు. ఇంకొకడి తండ్రికి ఆస్పత్రిలో మంచం దొరికేదాకా పక్కనే నిలబడ్డాడు. ఆయనతో చెప్పకుండా మిషన్ ఆపే మీట మీద చెయ్యి వెయ్యడం ద్రోహంలా అనిపించేది అందరికీ.

ఆ రోజు బాబాయ్ హెడ్డాఫీసుకి వెళ్లాడు. అదే షెడ్డులో పనిచేసే ఫిట్టర్ వాళ్ల బావ కుడి చెయ్యి రోలర్ల మధ్య పడింది. బావ కనపడని వైపు, మిషన్‌కి ఇవతల, ఎర్ర మీట పక్కనే నిలబడి, ఫిట్టర్ తొమ్మిదిసార్లు ఫోన్ చేశాడు. తొమ్మిదిసార్లూ ఎంగేజే. చుట్టూ మిగతావాళ్లూ ఫోన్లు చెవిన పెట్టుకుని నిలబడ్డారు.

చివరికి ఫిట్టరే మీట నొక్కాడు. అప్పటికి భుజం దాకా పోయింది. బావ ఆస్పత్రి గుమ్మం కూడా చూడలేదు.

"ఆ టైంలో ఆయన ఎవరితో కబుర్లాడుతున్నాడో కనుక్కోరా తమ్ముడూ. నాకింకేం వద్దు" అంది అక్క.

నెల తర్వాత బాబాయ్ పనిలోకి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. ఫిట్టర్ తిన్నగా ఆయన గదిలోకి వెళ్లాడు.

"ఎవరితో బాబాయ్, అంత తీరిగ్గా నాలుగు నిమిషాలు?"

బాబాయ్ తలెత్తలేదు.

"అవతలివాడు ఒక్క మాటా చెప్పలేదురా. మిషన్ మోత, మధ్యలో మూలుగు. చెప్పరా, నేనున్నాను, చెప్పు అంటూనే ఉన్నా. నా అంతట నేనెలా పెట్టేస్తాను?"

పేరు చెప్పమన్నాడు ఫిట్టర్. బాబాయ్ ఫోన్ బల్ల మీద ముందుకి జరిపాడు.

తన తొమ్మిది కాల్స్‌కీ ముందు, నాలుగు నిమిషాలు, బావ నంబరు.