పెరటాశి ఉపవాసం

సామికి ప్రీతైన పెరటాశి నెలలో శనివారం. మనవడి జ్వరం తగ్గాలని రోజంతా ఉపవాసం ఉన్నాను. రాత్రి నగరిలో కరెంటు పోయింది. మరమగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

నా భార్య పంకజాక్షి లాంతరు నా మొహం దగ్గరికి తెచ్చింది.

"ఏమయ్యా, పళ్లు ఎర్రగా ఉండాయే. ఆకూవక్క నమిలినావా? సామికే నామం పెడతావా?"

"చిగుళ్ల నెత్తురే అది. నీళ్లు గూడా తాగలేదు."

"అయితే ఈ నోట్లో ఈ పొద్దు తిండి పడలేదని పిల్లోడి తలమీద సెయ్యి పెట్టి సెప్పు."

పక్కనే పడుకున్న మనవడి వైపు చెయ్యి చాచాను. పళ్ల డాక్టరు మాట గుర్తొచ్చింది. చిగుళ్ల సందుల్లో కంటికి కనబడని క్రిములు జిగురు పొర కట్టుకుని కాపురముంటాయట. నెత్తురులోని ఇనుమే వాటికి తిండి అట.

పొద్దున వేపపుల్లతో గీకిన చోట పొర మళ్లీ నాలుకకు తగిలింది. నోట్లో ఉప్పగా ఊరింది.

నేను తినలేదు, సరే. ఈ నోట్లో కాపురమున్నవి తిన్నాయి కదా.

చెయ్యి పిల్లవాడి తలకు జానెడు పైన ఆగిపోయింది.