డోరిగ్ గారి చెయ్యి

“ఈ పుస్తకం ఒక్కసారి చదువు సెప్. మన ఊరి బస్సు తీసేస్తే మిగిలే డబ్బు పిసరంత!” అంది ఇడా, ఓటర్లకని ప్రభుత్వం పంపిన పుస్తకాన్ని భర్త ముందుకు తోస్తూ.

సెప్ తాతల నాటి కత్తిని నడుముకు కట్టుకుంటున్నాడు. స్విట్జర్లాండ్‌లోని మా అప్పెన్‌జెల్‌లో మగవాడికి అదే ఓటరు కార్డు.

“మా పార్టీ నాయకుడు డోరిగ్ గారు చదివారు. బస్సు దండగన్నారు. ఇంక నేను చదివేదేముంది?”

“మరి వృద్ధాశ్రమంలో ఉన్న ఫ్రీడాని ఎలా చూసి రావాలి? నీకా కారు లేదు, నాకా మోకాళ్ళు లేవు.”

“మీ చెల్లెలితో ఫోన్లో మాట్లాడుకోవచ్చుగా!”

“అది నా మొహమే గుర్తుపట్టదు, గొంతునేం గుర్తుపడుతుంది? పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటేనే నవ్వుతుంది.”

సెప్‌కి జాలేసింది. కానీ పార్టీ పార్టీయే కదా.

మైదానం కిటకిటలాడుతోంది. ఇక్కడ ఓట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టరు. లేచిన చేతుల్ని వేదిక మీది నుంచి చూసి, ఏ పక్షం ఎక్కువో చెప్పేస్తారు. డోరిగ్ గారు అందరికంటే ముందు, జనం వైపు తిరిగి హుందాగా నిలబడ్డారు.

“బస్సు ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి!”

ఇడా చెయ్యి అందరికంటే ముందు లేచింది. వేదిక మీదివాళ్ళకు కనబడాలని అటూ ఇటూ గట్టిగా ఊపింది కూడా. సెప్ సిగ్గుతో తల తిప్పుకున్నాడు. తిప్పుకున్నవాడు అలాగే నోరు తెరిచి ఉండిపోయాడు. డోరిగ్ గారి చెయ్యి పైకి లేచి ఉంది!

వెంటనే సెప్ చెయ్యి లేచింది. పక్కవాడిది, వాడి పక్కవాడిది, మొత్తం పార్టీ అంతటిదీ లేచింది. బస్సు నిలిచింది.

“నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా, బస్సు తీసేస్తే మిగిలేది పిసరంతేనని. ముసలివాళ్ళు ఏమైపోవాలి?” అన్నాడు సెప్, హోటల్లో మీసానికంటిన బీరు నురగ తుడుచుకుంటూ. ఆ సంతోషంలో ఇడా మొగుణ్ణి కూడా క్షమించేసింది.

డోరిగ్ గారు లేచి, రాత్రంతా ఆలోచించి మనసు మార్చుకున్నానని ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి.

“అదీ నాయకుడంటే!” సెప్ కళ్ళు చెమర్చాయి.

ఇడా వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. “మీ మేలు మరిచిపోలేను. ఇంతకీ ఏ మాట మీ మనసు మార్చిందండీ?”

డోరిగ్ గారు చుట్టూ చూసి, ఆమె చెవి దగ్గరికి వంగారు.

“మీరు పలకరిస్తున్నారనుకుని నేనూ చెయ్యూపానమ్మా!”