ఆఖరి పాట కూడా వాడిదే

లాయరుగారూ, నాకు రాయడం రాదు. చెబుతాను, రాసుకోండి.

పసిపిల్లల కేంద్రంలో ఆయాని నేను. అక్కడ జోకొట్టే పాటలన్నీ నేను కట్టినవే. నా మేనల్లుడు ఫోను పట్టుకొచ్చి, "ఒకసారి అన్నీ పాడత్తా, గుర్తుగా ఉంటాయి" అన్నాడు. పాడాను.

వాడు వాటిని కంప్యూటరులో పోశాడు. అది మాటలు రాసుకుని, ఎవరో అమ్మాయి గొంతుతో పాడింది. ఇప్పుడవి వాడి పేరున లోకమంతా మోగుతున్నాయి. మా కేంద్రం నేను పాడే వీడియో పెడితే, దొంగపాటని తీసేశారు. మేనేజరమ్మ నన్నిక నోరు తెరవొద్దంది.

అడిగితే, "హక్కులు నా పేరున ఉన్నాయి. నీ దగ్గరేముంది అత్తా, దగ్గు తప్ప?" అన్నాడు. ప్రతి పాటా, ప్రతి మాటా తనదేనని కోర్టులో ప్రమాణం కూడా చేశాడు.

అది అబద్ధమని వాదిద్దామంటున్నారు మీరు. వద్దు. అన్నీ వాడివేనని రాయండి. ఆఖరి పాట మరీ గట్టిగా రాయండి.

ఆ రోజు ఫోను నా ముందు పెట్టి వాడు టీకి వెళ్ళాడు. నేను సరదాకి ఆఖరున వాడి మావగారి పెట్టుడు జుట్టు మీద, పిసినారితనం మీద ఓ పాట కట్టి పాడాను. వాడు వినలేదు, కంప్యూటరు విన్నది. మిగతావాటితో పాటు అదీ వాడి పేరునే ఎక్కింది. వాడి ఉద్యోగం ఆ మావగారి కంపెనీలోనే.

ఆ పాట ఆయనకు పంపించండి. ఇవేవీ నావి కావు, మా అత్తవేనంటూ వాడే మీ గుమ్మంలోకి పరిగెత్తుకొస్తాడు.

వెంటనే సంతకం తీసుకోకండి. ముందు నా ఎదురుగా ఆ పాట మొత్తం పాడమనండి.